అరటి బోదెకి జాకెట్ ముక్కలు

అక్టోబరు చివరికి వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఆంటీ, మా కరివేపాకు ఆకులన్నీ రాల్చేస్తోంది", "ఆంటీ, మల్లె కుండీ గరాజ్‌లో పెట్టొచ్చా". రిటైరయ్యాక కూడా తగ్గలేదు. అందరికీ ఒకటే చెబుతాను. లోపల పెట్టండి, నీళ్ళు తగ్గించండి, పొద్దస్తమానం వెళ్ళి పలకరించకండి. మొదటిది చేస్తారు. మిగతా రెండూ ఎవరివల్లా కాదు. జాలిపడి నీళ్ళు పోసి పోసి చంపి, చలికి పోయిందంటారు.

మీలో చాలామంది కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు. మీ ఉద్యోగంలో తప్పు జరిగితే వెనక్కి తిప్పుకునే మీట ఉంటుందని మా ఆయన చెప్పేవారు. నా ఉద్యోగంలో అది లేదు. నవంబరులో చేసిన పని సరిగ్గా చేశామో లేదో మార్చిలో తెలుస్తుంది. ఈలోపు ఏం చేయాలంటే, ఏమీ చేయకూడదు. అదే అసలు కష్టం.

నేను చదివింది ఏజీ బీఎస్సీ. మా ఆయనకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి రెడ్‌మండ్ వచ్చాం. నాకు పనిచేసే కాగితాలు వచ్చేదాకా ఇంట్లో కూర్చుని, వచ్చిన వారంలోనే ఊరి బయట ఒక పబ్లిక్ గార్డెన్‌లో గార్డెనర్‌గా చేరాను. పార్టీల్లో మా ఆయన "తను ప్లాంట్ సైన్సెస్‌లో ఉంది" అనేవారు. నేను పక్కన నిలబడి గోళ్ళలో మట్టి కనపడకుండా ప్లేటు పట్టుకునేదాన్ని. ఆడవాళ్ళు మాత్రం సూటిగా "అంటే తోటపనేనా?" అని అడిగేవారు. అవునంటే, "పోన్లే, ఎక్సర్‌సైజ్" అనేవారు.

మా హెడ్ గార్డెనర్ రిటైర్మెంటుకి దగ్గరపడిన అమెరికన్, మా పెద్దాయన అనేదాన్ని. రోజుకి ఎన్ని మాటలు వాడాలో ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చేవారేమో అనిపించేది. బాగుంటే "హ్మ్" అనేవారు. బాగోకపోయినా "హ్మ్" అనేవారు. ఏది ఏ హ్మ్‌మో తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఆ తోటలో, ఎండ బాగా పడే ఇటుక గోడ పక్కన, ఆయన సొంతంగా వేసుకున్న మడి ఒకటి ఉండేది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండకూడని మొక్కలన్నీ అందులో ఉండేవి. మెట్టతామరలు, మనిషెత్తు పెరిగే ఫెర్న్, మధ్యలో జపాన్ రకం అరటి. ఆ అరటికి దుంప గట్టిది, చలికి చావదు. బోదె మాత్రం చస్తుంది. వసంతంలో దుంపలోంచి మళ్ళీ పిలక లేస్తుంది, వేసవి అంతా ఏపుగా పెరుగుతుంది, పువ్వు వేసే వయసు రాకముందే చలికాలం వస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. పువ్వు రావాలంటే ఆ బోదె బతికి చలికాలం దాటాలి. మడి వేసి ఎన్నేళ్ళయినా ఆయన అందులో అరటి పువ్వు చూడలేదు. ఉద్యోగంలో ఉండగా చూడాలని కోరిక.

నేను తెనాలి అవతల లంకల్లో పుట్టినదాన్ని. అరటి పువ్వు కోసం ఒక మనిషి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాడంటే నాకు మొదట నవ్వొచ్చింది. మా వైపు అది కూర.

ఆ ఏడాది కొత్త డైరెక్టరు వచ్చింది. మడి ముందు నిలబడి, ఈ చలికాలం కూడా బోదెలు చస్తే వసంతంలో ఇదంతా తీసేసి గులకరాళ్ళు పోయిద్దామంది. చక్కగా నవ్వుతూ చెప్పింది. ఈ దేశంలో చెడ్డ కబుర్లన్నీ అలాగే చెబుతారు. ఆయన ఆ తర్వాతి సెప్టెంబరులో రిటైరవబోతున్నారు. అంటే ఆయనకి మిగిలింది ఒక్క చలికాలం. ఆయన "హ్మ్" అన్నారు. అది ఏ హ్మ్‌మో నాకు తెలిసింది, ఆవిడకి తెలియలేదు.

ఈ ఊళ్ళో చలికాలం సంగతి చెప్పాలి. మంచు చంపేవాటికంటే వాన చంపేవి ఎక్కువ. అంతకుముందు ఒక ఏడాది ఆయన బోదెలకి ప్లాస్టిక్ చుట్టారు. లోపల చెమట పట్టి, విప్పేసరికి బోదె పులిసిన దోసెల పిండిలా చేతిలోకి వచ్చింది. ఇంకో ఏడాది చుట్టూ వైరుమెష్ కట్టి ఎండుటాకులు నింపారు. పైన మూత సరిగ్గా లేక వాన దిగి, అరటికి బదులు మంచి ఎరువు తయారైంది. ఈసారి పక్కాగా చేద్దామనుకున్నాం. గాలి ఆడే గుడ్డ, దాని చుట్టూ మెష్, మెష్‌లో ఎండుటాకులు, పైన వాలుగా చెక్క మూత. మొక్కలకి కప్పే ప్రత్యేకమైన గుడ్డ వస్తుంది, అది వేసవిలోనే తెప్పించి షెడ్‌లో పెట్టాం.

నవంబరు చివర్లో ఒకరోజు పొద్దున రేడియోలో చెప్పారు, సాయంత్రానికి కెనడా నుంచి గాలి దిగుతోందని, వారం పాటు కదలదని. షెడ్‌కి వెళ్ళి గుడ్డ చుట్ట బయటికి లాగాం. ఎలుకలు దాంట్లో సంసారం పెట్టాయి. పిల్లలు, మనవలు, అందరూ ఉన్నారు. చుట్ట విప్పితే గుడ్డ కంటే కన్నాలు ఎక్కువ.

హార్డ్‌వేర్ షాపులకి ఫోన్లు చేశాం. రేడియో మేమొక్కళ్ళమే వినలేదు కదా, ఎక్కడా మిగల్లేదు. నీలం ప్లాస్టిక్ టార్పాలిన్లు కావలసినన్ని ఉన్నాయన్నారు. ఆయన ఇంటికెళ్ళి రెండు దుప్పట్లు తెచ్చారు. అవి ఫెర్న్‌కి సరిపోయాయి. తర్వాత అరటి దగ్గర నిలబడి, బోదె మీద చెయ్యి వేసి, "పోనీలే, ప్రయత్నించాం" అన్నారు. అన్నేళ్ళలో ఆయన నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆరోజు మధ్యాహ్నం మాకు తెలిసినవాళ్ళింట్లో కార్తీకమాసం పేరంటం. వెళ్ళే ఉద్దేశం లేదు. కానీ ఆ ఇంటావిడ నాకు వదిన వరస, రాకపోతే ఏడాది పాటు దెప్పుతుంది. లంచ్ టైమ్‌లో బొట్టు పెట్టించుకుని వచ్చేద్దామని బూట్లతోనే బయల్దేరాను. గుమ్మంలో బూట్లు విప్పాను గానీ సాక్సులు తీసే ఓపిక లేదు. వదిన ఒక్క క్షణం చూసి, సాక్సుల మీదే పసుపు రాసింది. "నీకు ఇంతకంటే టైమ్ లేదని నాకు తెలుసులే" అంది.

హాల్లో పట్టుచీరలు, ఫైర్‌ప్లేస్, సగం పేరంటం అయింది. మూల సోఫాలో వదిన అత్తగారు కూర్చున్నారు. అందరూ ఆవిడని మామ్మగారు అనేవారు. కోనసీమ మనిషి, భర్త పోయాక గ్రీన్‌కార్డు మీద కొడుకు దగ్గరికి వచ్చారు. పేరంటంలో పులిహోర ఆవిడదే, పరమాన్నం ఆవిడదే. బొట్టు, తాంబూలం మాత్రం ఆవిడ దాకా రావు. అది అలాగే జరుగుతూ వచ్చింది, ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

వదిన నా చేతిలో తాంబూలం కవరు పెట్టింది. రెండు అరటిపళ్ళు, ఆకులు, వక్క, ఆకుపచ్చ పాప్లిన్ జాకెట్ ముక్క. ఆ ముక్కని నేను గుర్తుపట్టాను. శ్రావణమాసంలో నేనే ఇంకొకావిడకి ఇచ్చాను. నా పెట్టెలోని కలరా ఉండల వాసన దానికింకా పోలేదు. తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. పెళ్ళికాని పిల్లలకి తెలియకపోవచ్చు గనక చెబుతున్నా, ఈ ముక్కలు జాకెట్లు కుట్టించుకోవడానికి ఇస్తారు, ఎవరూ కుట్టించుకోరు. పెట్టెలో పడేసి, పేరంటం రాగానే తీసి ఇంకొకరికిస్తారు. రెడ్‌మండ్‌లో ప్రతి తెలుగింటి క్లోజెట్‌లోనూ ఆ పెట్టె ఒకటుంటుంది.

ఆ ముక్క పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నూలు గుడ్డ. గాలి ఆడుతుంది. ఇంటింటికీ పెట్టెడు.

"వదినా, నాకు అందరి జాకెట్ ముక్కలూ కావాలి" అన్నాను. "ఇవాళే. ఇప్పుడే."

"ఎందుకే?"

"అరటి చెట్టుకి చుట్టడానికి."

హాల్లో అందరూ నా వైపు తిరిగారు. విషయం చెప్పాను. మా పెద్దాయన సంగతి, పువ్వు సంగతి, గులకరాళ్ళ సంగతి. జాలి అందరికీ కలిగింది, కాదనను. కానీ తాంబూలంలో వచ్చింది చెట్టుకి కడితే ఏమవుతుందోనని ఒకావిడ, ఇండియాలో అమ్మకి ఫోన్ చేసి కనుక్కుంటానని ఇంకొకావిడ. ఇండియాలో అప్పుడు అర్ధరాత్రి.

మూల నుంచి మామ్మగారు గొంతు సవరించుకున్నారు. "అరటి చెట్టు లేకుండా మీలో ఎవత్తెకి పెళ్ళయిందే? పందిట్లో నిలబెట్టుకున్నారు, మర్నాడు గొడ్లకి పడేశారు. ఒక్కసారి దానికి గుడ్డ పెడితే మీ సొమ్మేం పోయింది? లేవండి."

లేచారు. వదిన పేరంటం సగంలో ఆపి తాంబూలం కవర్లన్నీ ఒక బుట్టలో సర్దింది, దారిలో ఇచ్చేస్తానని. ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళి పెట్టెలు తెచ్చుకున్నారు. ఎండ తగ్గకముందే, పట్టుచీరల మీద చలికోట్లు వేసుకున్న ఆడవాళ్ళు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ మా తోటలోకి వచ్చారు. టికెట్ కౌంటర్‌లో అమ్మాయి ఎయిర్‌పోర్టు అటు అని చూపించబోయింది.

మా పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు. "ఏమిటివన్నీ?"

"జాకెట్ ముక్కలు. మా ఆడవాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకుంటారు. కుట్టించుకోవడానికి."

"కుట్టించుకుంటారా?"

"లేదు. ఇంకొకరికి ఇస్తారు."

"వాళ్ళు?"

"వాళ్ళూ ఇంకొకరికి ఇస్తారు."

"మాకు క్రిస్మస్‌కి ఫ్రూట్‌కేక్ ఉంటుంది, ఎవరూ తినరు, అలాంటిదే" అన్నారు.

పని మొదలైంది. పాప్లిన్ మాత్రమే తీసుకున్నాను, మెరిసేవి వద్దన్నాను. దాంతో ఒకావిడకి కోపం వచ్చింది. ఏరి ఏరి మంచివి తెచ్చిందట, చెట్టుకైనా నలుగురిలో పరువుగా ఉండాలని. మేము పిన్నీసులతో ముక్కలు కలుపుతుంటే ఆయన బోదె చుట్టూ తిరిగి పురికొస కట్టారు. అంతా బాగానే ఉంది గానీ, పెట్టెలు పక్కపక్కన తెరిచిన పాపానికి నెమ్మదిగా ఇంకో పని మొదలైంది. వరంగల్ నుంచి వచ్చినావిడ పక్కావిడ పెట్టెలోంచి ఒక పసుప్పచ్చ ముక్క ఎత్తి పట్టుకుంది.

"అయ్యో, గిది నేనిచ్చిందే గదనే! మా మరదలు అంచుకి కుట్టుపూలు కూడ ఏసింది. పెట్టెల్నే ఉన్నదా?"

"నువ్విచ్చిందా? నాకిది వదిన ఇచ్చింది" అంది ఆ పక్కావిడ.

వదిన ఆకాశం వైపు చూసి, "చీకటి పడేట్టుంది, తొందరగా కానివ్వండి" అంది.

అక్కడి నుంచి ఎవరి ముక్క ఎవరింట్లో తేలిందో చూసుకోవడంతోనే సరిపోయింది. ఒక్కళ్ళయినా తప్పించుకుంటే దెబ్బలాడుకునేవారేమో. అందరూ దొరికిపోయారు గనక నవ్వుకున్నారు. ఆ నవ్వులకి డైరెక్టరు బయటికి వచ్చి చూసింది. మా పెద్దాయన ఆవిడ వైపు తిరగకుండానే "గాలి ఆడే గుడ్డ" అన్నారు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

పొడుగు బోదెలు మూడు. గుడ్డ ఎంత కలిపినా మూడింటికీ మందంగా రాదని తేలింది. నడిమి బోదె అన్నిటికంటే ముదురు, పువ్వు వేస్తే అదే వేయాలి. దానికి పొరలు పొరలుగా చుట్టి, మిగతా రెండింటికీ ఒక్కో చుట్టుతో సరిపెట్టాం. నడిమిదాని తలదగ్గర ఆకులు అప్పుడే కోశాం గనక కర కారుతోంది. అక్కడ చుట్టడానికి పెట్టెల్లో ఇక ముక్క మిగల్లేదు, బుట్టలో తాంబూలాల్లోవి ఇంకా ఇవ్వలేదు గనక వాటి జోలికి పోలేదు. "చాలు, ఎండుటాకులు వేద్దాం" అన్నారాయన.

వదిన బుట్ట తీసి, ఆగిపోయిన పేరంటం అక్కడే పూర్తి చేసింది. ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి కవరు ఇచ్చింది. నా కవరు హడావిడిలో అందరివాటితో కలిసిపోయింది, మళ్ళీ ఇచ్చింది. "చెట్టు ఆయనది, ఆయన్ని ఉత్త చేతులతో పంపుతామా" అని మామ్మగారు గుర్తు చేస్తే, నవ్వు ఆపుకుంటూ మా పెద్దాయనకి కూడా ఒక కవరు చేతిలో పెట్టింది.

ఆయన కవరు తెరిచి చూశారు. అరటిపళ్ళు, ఆకులు, ఆకుపచ్చ పాప్లిన్ ముక్క. అదే ముక్క. తర్వాత తలెత్తి అందరినీ చూశారు. అందరి చేతుల్లోనూ కవర్లు ఉన్నాయి. మామ్మగారు ఒక్కరే చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని కొంచెం ఎడంగా నిలబడి ఉన్నారు. కవర్లు ఒకటి తక్కువ పడ్డాయని అనుకున్నట్టున్నారు. నాలుగడుగులు వేసి, తన కవరు రెండు చేతులతో ఆవిడకి ఇచ్చారు.

వదిన మొహం ఎర్రబడింది. వరంగల్ ఆవిడ నేల చూపులు చూసింది. మామ్మగారు కవరు వైపు, ఆయన వైపు చూశారు. చేతులు జేబుల్లోంచి తీశారు. తీసుకున్నారు.

ఆయన నా దగ్గరికి వచ్చి మెల్లగా, "ఏమైనా తప్పు చేశానా?" అని అడిగారు.

"లేదండీ" అన్నాను. తెలుగులోనే అన్నాను. ఆయనకి అర్థమైనట్టే ఉంది.

మామ్మగారు ఆకుపచ్చ ముక్క బయటికి తీసి, మడత విప్పి, చెంపకి ఆనించి చూసుకున్నారు. తర్వాత నన్ను పిలిచి, "దీన్ని ఆ తల దగ్గర కట్టవే, పాపం అక్కడ బోసిగా ఉంది" అన్నారు. నిచ్చెనెక్కి కట్టాను. దిగేసరికి ఆవిడ ఇంకా కింద అక్కడే ఉన్నారు.

"విప్పినప్పుడు నాకు తెచ్చివ్వు. వాటిలో కలపకు. అది నాది."

మెష్ కట్టి, ఆకులు నింపి, మూత పెట్టాం. ఆ సాయంత్రం గాలి తిరిగింది. వారమంతా గడ్డకట్టింది, మా ఇంట్లో గరాజ్ పంపు పగిలింది. తర్వాత మామూలు వానలు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మేము రోజూ ఆ మూట పక్కనుంచే నడిచాం, చెయ్యి పెట్టలేదు. వదిన వారానికోసారి ఫోన్ చేసి "బతికుందా?" అనేది. తెలియదు అనేదాన్ని. "చదువుకున్నావుగా?" అనేది.

మార్చిలో మూత తీశాం. ఆకులు పొడిగా ఉన్నాయి. పక్క బోదెలు రెండూ మెత్తబడ్డాయి, వేలు పెడితే వేలు దిగింది. నడిమిదానికి చుట్టిన గుడ్డలు ఒక్కొక్కటే విప్పుతుంటే ఆయన వేరేవైపు చూస్తూ నిలబడ్డారు. నేను బొటనవేలితో నొక్కాను. గట్టిగా ఉంది. తల దగ్గర కొంచెం కోసి చూస్తే లోపల తెల్లగా, తడిగా, దూట కూరకి కోసినప్పుడు ఉన్నట్టే ఉంది. "బతికుంది" అన్నాను. ఆయన వెంటనే తిరగలేదు. ముక్కు చీదుకుని, పుప్పొడి ఎక్కువగా ఉందన్నారు. మార్చి మొదటి వారంలో.

గుడ్డలన్నీ ఉతికి ఎవరివి వాళ్ళకి పంపేశాను. మళ్ళీ పెట్టెల్లోకి వెళ్ళాయి, ఆ శ్రావణంలోనే మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి. ఆకుపచ్చ ముక్క విడిగా ఉతికాను. దానిమీద అరటి కర మరక పడింది, అరచేతి వెడల్పు, గోధుమరంగులో. అరటి కర పోదని మీకు తెలియకపోతే మీ అమ్మని అడగండి. రెండుసార్లు నానబెట్టి, సిగ్గుపడుతూ పట్టుకెళ్ళి మామ్మగారికి ఇచ్చాను. మరక చూసి, "ఉండనీ" అన్నారు.

ఆగస్టు చివర పువ్వు దిగింది. వంకాయ రంగు కాదు, ఈ రకానికి పసుపు కలిసిన రంగు, చిన్నది. జనం వచ్చి ఫొటోలు తీసుకున్నారు. డైరెక్టరు గులకరాళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు. తర్వాత బ్రోచర్‌లో ఆ పువ్వు ఫొటో వేసి, కింద "సాంప్రదాయ వస్త్ర విధానం" అని రాయించింది. ఆ మడి ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడండి.

పువ్వు విచ్చుకున్న ఆదివారం వదిన వాళ్ళింటికి ఫోన్ చేశాను. అందరూ వచ్చారు. మా పెద్దాయన అక్కడే ఉన్నారు, సెలవు రోజైనా ఇస్త్రీ చొక్కా వేసుకుని. మామ్మగారు పువ్వు కిందికెళ్ళి, తలెత్తి, అన్నివైపుల నుంచీ చూసి, "ఒక పూట కూరకి వస్తుంది" అన్నారు.

ఆయన ఆవిడేమన్నారని నన్ను అడిగారు. "చాలా అందంగా ఉందంటున్నారు" అన్నాను.

"హ్మ్" అన్నారు. కానీ ఆయన పువ్వుని చూడటం లేదు. మామ్మగారిని చూస్తున్నారు. నేనూ అప్పుడే చూశాను. ఆవిడ ఎప్పటిలాగే లేతరంగు చీర కట్టుకున్నారు. దానిమీదికి ఎప్పటి తెల్ల జాకెట్ కాదు, ఆకుపచ్చ పాప్లిన్‌ది. భుజం మీద గోధుమరంగు మరక. కుట్టిన అమ్మాయి ఆ మరక లోపలికి పోయేలా కత్తిరిస్తానందట. వద్దు, పైకి కనబడేలా కుట్టమన్నారట.

వదిన అత్తగారి భుజం మీద కొంగు సర్దబోయి, మరక కప్పకుండా ఆగిపోయింది.

రెడ్‌మండ్‌లో నాకు తెలిసి, జాకెట్‌గా కుట్టించుకున్న జాకెట్ ముక్క అదొక్కటే.